కరస్థలమున నిలిచిన చూపు

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో దండనాయకుడై భండారము చూచుచున్న కాలమున, ఆయన రాజధనమును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించిన ఈ ఘట్టమును చదువువారు, చివరకు లెక్క సరిపోయిన మహిమనే తలచుకొందురు. లెక్క తేలునంతవరకు ఆయన మనసెట్లుండెనో ఆలోచించువారు తక్కువ. అధికారము, అపవాదు, ఇంటినిండ అతిథులు! అట్టి జీవితమునకు ఇష్టలింగార్చన ఇరుసువంటిది.

లింగమును ఎడమ అరచేత నిలిపి, కన్నుల యెదుటికి తెచ్చి, చూపును దానిపై నిలుపుట సాధకులెరిగినదే. చూపు నిలిచినకొలది ఊపిరి నెమ్మదించును. కోపభయములు కలిగినపుడు అడ్రినల్ గ్రంథులు విడుచు రసము గుండెను పరుగెత్తించును. ఊపిరిని దీర్ఘముగా విడుచుట ఆ పరుగునకు కళ్ళెము వంటిదని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అయినను మనసు ఊరకుండదు. నిన్నటి మాట, రేపటి అప్పు జ్ఞప్తికి వచ్చును. అందులకు తన్ను తాను నిందించుకొనువాడు రెండవ పొరపాటు చేయుచున్నాడు. కోపము వచ్చినదని గుర్తించి, చూపును మరల లింగముపైకి తెచ్చుటయే అభ్యాసము. నూరుమార్లు తేవలసివచ్చినచో నూరుమార్లు సాధన జరిగినట్లే. చేత లింగము, నోట వంటింటివారిపై కేకలు గల పూజయు మన ఇండ్లలో లేకపోలేదు!

ఈ అభ్యాసమునకు శరీరము సహకరింపవలెను. మంచముపట్టిన అత్తకొరకు రాత్రి మూడుమార్లు లేచి, ఉదయము నిలుచుండియే చల్లని అన్నము తిని, పనికి పరుగెత్తు కోడలిని తలచుకొనుడు. అందరును ఆమెను ఓర్పుగలదని పొగడుదురు. ఒకనాడామె కారణము లేక బిడ్డను కొట్టి, తానే ఏడ్చును. ఆమెకు కొరవడినది భక్తి కాదు, నిద్ర. శరీరమే దేవాలయమని బసవన్న బోధించినపుడు అందు ఆమె శరీరము చేరదా? దాసోహపు పంక్తిలో ఆమెకును ఒక విస్తరి వేయవలెను. వారమునకు రెండు మూడు రాత్రులు భర్తయో మరిదియో మేల్కొనవలెను. ఆమె పూజలో ఉన్న పది నిమిషములు ఎవరును తలుపు తట్టరాదు.

వారములు గడచినను నిద్రపట్టక, బ్రతుకే వలదనిపించుచున్నచో దానిని వైరాగ్యమని పొరబడరాదు. అది రోగము, వైద్యుని చూడవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రియైనను ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడవచ్చును. ఆమెకు నోరు రానిచో, ఇంటివారిలో ఒకరు ప్రక్కన కూర్చుండి ఆ ఫోను చేయవలెను.