కొలబద్ద మార్చి చూద్దాం

"తెలివైనవాడే, కాని ఒకచోట కుదురుగా ఉండడు." ఈ మాట పడే విద్యార్థి ప్రతి క్లాసులోనూ కనిపిస్తాడు. రికార్డు సగంలో ఆపేస్తాడు. పరీక్షనాడు హాల్ టికెట్టు హాస్టలు గదిలో మరిచిపోతాడు. మనసుకు పట్టిన విషయం దొరికితే మాత్రం తెల్లవార్లూ వదలడు. అతనికి మనం చటుక్కున తగిలించే బిరుదు "సోమరి". ఇలాంటి వారందరికీ ఏ.డి.హెచ్.డి. ఉందనలేం, అది నిపుణులు తేల్చవలసిన సంగతి. కాని ఉన్నవారిలో చాలామంది ఈ బిరుదు మోస్తూనే పెరుగుతారు.

ఈ అపోహ కొత్తది కాదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివికి లోటులేని కొందరు పిల్లల్లో నైతిక నిగ్రహం లోపించిందని ఉపన్యసించాడు. 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం దీన్ని అవధాన లోపమన్నది. 1987లో ఏ.డి.హెచ్.డి. అన్న పేరు స్థిరపడింది. నీతి ప్రశ్న పోయింది గాని "లోపం" అన్న మాట మిగిలింది.

1990లలో ఆటిజం ఉన్నవారే గొంతు విప్పారు. మెదళ్లు పలురకాలు, అది మానవజాతి వైవిధ్యమే అన్న భావన బలపడింది. 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన పరిశోధన వ్యాసంలో దాన్ని చర్చించింది. మనిషిని ఉన్నవాడిని ఉన్నట్టు అంగీకరించే చికిత్సకు ఈ భావనే పునాది.

ఈ చికిత్సలో "నిన్ను పదిమందిలా ఎలా మార్చాలి?" అని అడగరు. "నీకేం కావాలి, ఏది అడ్డొస్తోంది?" అని అడుగుతారు. కళ్లలోకి చూసి మాట్లాడమని బలవంతపెట్టరు. కాలు ఊపుతూ వింటే తప్పుపట్టరు. ఏళ్ల తరబడి తిన్న తిట్లవల్ల పేరుకున్న సిగ్గును ముందు దించుతారు. ఆపైన పనిని చిన్న ముక్కలు చేసుకోవడం, అలారం పెట్టుకోవడం, స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవడం వంటి మార్గాలు వెతుకుతారు. మందులకు ఇది విరోధి కాదు. వైద్యుని సలహాపై మందులు వాడి మేలు పొందినవారు ఎందరో ఉన్నారు.

"మరి క్రమశిక్షణ ఏంగాను?" అంటారేమో. ఎడమచేత్తో రాసే పిల్లల్ని బెత్తం పట్టి కుడిచేతికి మార్చిన రోజులున్నాయి. ఇప్పుడు వాళ్లు ఎడమచేత్తోనే రాస్తున్నారు. అయినా పరీక్ష రాయక తప్పదు కదా! బాధ్యత పోలేదు, బెత్తం పోయింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ఏ.డి.హెచ్.డి. పేరు ఆ జాబితాలో విడిగా లేదు. అందుచేత ఆ విద్యార్థికి మొదటి ఆసరా చట్టం కంటే ముందు అధ్యాపకులు, మిత్రులే. గడువు తేదీ నోటితో చెప్పి ఊరుకోక బోర్డుమీద రాయడానికి ఖర్చేముంది? "సోమరి" అనబోయే నాలుకను ఒక్క క్షణం ఆపి, "ఎక్కడ ఆగిపోయావురా?" అని అడుగుదాం.