కల్లానికి సాయంత్రం వెళ్లు

శీనూ,

కోడలు ఫోన్ చేసింది. రెండో విడత మాత్రలు మొదలయ్యాయట, వాంతులు లేవట, అన్నం సయిస్తోందట. విని ప్రాణం కుదుటపడింది. కానీ మిరపకాయ కల్లంలో పోశారనీ, నువ్వు పొద్దున వెళ్లి మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటున్నావనీ కూడా చెప్పింది. ‘పుట్టినప్పట్నుంచీ ఎండలో మాడిన ఒళ్లు, నాకేమవుతుంది’ అన్నావట.

క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినన్నాళ్లూ రైతుల నోట ఆ మాట వింటూనే ఉన్నాను. ఎండ నీకు అలవాటే, కాదనను. ఆ ఎండను ఓర్చుకున్న చర్మం మాత్రం ఇప్పుడు నీకు లేదు. నువ్వు మింగే కెపాసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. వేగంగా పెరిగే కణాలను అది దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలతో పాటు, చర్మానికి కొత్త పొరలు తయారుచేసే కణాలకూ ఆ దెబ్బ తగులుతుంది. పైగా ఈ మందు వాడుతుంటే చర్మం ఎండకు తొందరగా కందుతుంది, నల్లబడుతుంది. మాత్రలు 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతావు కదా, ఆ వారం రోజులూ ఫర్వాలేదని కూడా అనుకోకు.

కల్లానికే పోవద్దని నేననను. నీ పంట నీ కళ్లతో చూసుకోకపోతే నీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. వేళ మార్చుకో. పొద్దున తొమ్మిదిలోపు ఒకసారి, సాయంత్రం నాలుగు దాటాక ఒకసారి వెళ్లు. ఫోన్‌లో వాతావరణం చూసే చోట యూవీ ఇండెక్స్ అని ఉంటుంది. అది 3కి చేరిందంటే చాలు, జాగ్రత్త పడాలి. మన గుంటూరు వైపు మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో 11 దాకా పోతుంది. మబ్బు పట్టిందని ధైర్యపడకు, పలుచని మబ్బులోంచి ఆ కిరణాలు దిగుతూనే ఉంటాయి. కారు అద్దంలోంచి కూడా కొన్ని వస్తాయి.

ముందు బట్ట, తర్వాతే క్రీము. చేతులు నిండా కప్పే చొక్కా వేసుకో. బట్టను వెలుగుకు అడ్డంపెట్టి చూడు, అవతలి వెలుతురు బాగా కనబడితే అది పనికిరాదు. చెమటకు తడిసిన పలుచని తెల్ల చొక్కా నిన్ను పెద్దగా కాపాడదు. తలకు తువ్వాలు చుడితే చెవులు, మెడ వెనుక భాగం బయటే ఉండిపోతాయి, చుట్టూ అంచున్న టోపీ కొనుక్కో. కప్పలేని చోట సన్‌స్క్రీన్ రాయి. ఆడవాళ్ల సరుకని సిగ్గుపడకు, నీకిది మందుతో సమానం. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, డబ్బా మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసుండాలి. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవున పిండి, బయలుదేరే ముందే పట్టించు. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పగిలిన చర్మం మీద మాత్రం రాయకు.

అరచేతులు, అరికాళ్ల గురించి విడిగా చెబుతున్నాను. ఈ మందుకు అవి ఎర్రబడి మంటపుట్టడం, పొట్టు రేగడం మామూలు. వేడి తగిలితే ఎక్కువవుతుంది. కల్లంలో చెప్పుల్లేకుండా నడవకు, తాలుకాయ ఏరడానికి కూర్చోకు. పగిలిన చేతికి మిరప ఘాటు తగిలితే ఆ రాత్రి నిద్ర ఉండదు. స్నానానికి గోరువెచ్చని నీళ్లే చాలు. డాక్టరు యూరియా కలిసిన క్రీము రాస్తే పొలంలో వేసేదని భయపడకు, చర్మం మెత్తబడటానికే అది.

ఎక్కడైనా కందితే వెంటనే నీడకు వచ్చి చల్లని నీళ్లతో తడుపు. ఐసు, పసుపు, టూత్‌పేస్ట్ పెట్టొద్దు. బొబ్బలొచ్చినా, పట్టుకోలేనంత, నడవలేనంత నొప్పి ఉన్నా, జ్వరం తగిలినా తర్వాతి మాత్ర వేసుకునే ముందే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. విరేచనాలు పట్టుకున్న రోజు అసలు గడప దాటకు. ఒంట్లో నీరు పోయినప్పుడు ఎండ చాలా ప్రమాదం.

‘నల్లబడిపోయావేంరా’ అని ఎవరైనా అంటే మనసు కష్టపెట్టుకోకు. ఆ నలుపులో మందు వల్ల వచ్చినదీ ఉంటుంది, వైద్యం ముగిశాక చాలామందికి మెల్లగా తగ్గుతుంది. ఎండ తగలకపోతే విటమిన్ డి రాదంటారేమో, అది డాక్టరునే అడుగు, తక్కువైతే మాత్రలున్నాయి.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నువ్వు వాడే మందులన్నీ, జ్వరానికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా సంచిలో వేసుకెళ్లు. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ కూడా చర్మాన్ని ఎండకు ఓర్వలేకుండా చేస్తాయి. డాక్టరు ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పు.

నీ పిన్ని