పాత కంప్యూటరు – పదేపదే అడిగే పాస్‌వర్డు

స్కాలర్‌షిప్పు దరఖాస్తు మొదలు హాల్ టిక్కెట్టు వరకు నేడు విద్యార్థికి కావలసినవెన్నో ఖాతా ద్వారానే లభిస్తున్నవి. అయితే పాత కంప్యూటరు ముందు కూర్చున్నవారికి ఒక చిక్కు తరచుగా ఎదురవుతున్నది. పాస్‌వర్డు సరిగా ఇచ్చినప్పటికీ అది మరల మరల అడుగుతుంది. విసిగినవారు పాస్‌వర్డునే మార్చివేస్తారు. దానితో చిక్కు తీరదు సరికదా, ఒక్కొక్కప్పుడు ముదురుతుంది. కారణమెరిగిన పిమ్మటనే జవాబు చెప్పుట మేలని మా మనవి.

మనము పాస్‌వర్డు ఇవ్వగానే అవతలి సర్వరు మనకొక అనుమతి చీటీ వంటిదానిని ఇస్తుంది. బ్రౌజరు దానిని ‘కుకీ’ రూపమున దాచుకొంటుంది. ఆ చీటీ పోయినా, చెల్లకపోయినా ప్రశ్న తిరిగి వస్తుంది. ఇందుకు ముఖ్యమైన కారణములు నాలుగు.

మొదటిది గడియారం. కంప్యూటరు ఆపివేసినప్పుడు కాలమును లెక్కించుటకు లోపల నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఏళ్ళు గడచి అది నీరసించినచో తేదీ ఎన్నో సంవత్సరములు వెనుకకు పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రములకు ఆరంభ, అంత్య తేదీలు ఉంటవి. తేదీ తప్పిన యంత్రము నేటి పత్రమును ఇంకా అమలులోకి రానిదిగా భావిస్తుంది. కనుక ముందుగా తేదీని చూడవలెను. సరిచేసిన తేదీ మరునాటికి మరల తప్పినచో బ్యాటరీ మార్చవలెను.

రెండవది, బ్రౌజరు మూసినప్పుడెల్ల కుకీలు చెరిగిపోవు ఏర్పాటు. ఇంటి యంత్రములో దీనిని మార్చుకొనవచ్చును. కాని పలువురు కూర్చుండు కళాశాల ప్రయోగశాలలో మార్చరాదు. అచ్చట ఆ ప్రశ్నయే మనకు రక్షణ. అది లేనినాడు మన తరువాత కూర్చున్నవారు మన ఖాతాలోనే కూర్చుంటారు.

మూడవది, దాచియుంచిన పాత పాస్‌వర్డు. ఫోనులో పాస్‌వర్డు మార్చినను, కంప్యూటరులోని మెయిల్ ప్రోగ్రాము పాతదానినే పంపుతూ ఉంటుంది. విండోస్‌లో ‘క్రెడెన్షియల్ మేనేజర్’, మ్యాక్‌లో ‘కీచెయిన్’ తెరచి పాతదానిని తొలగించవలెను.

నాలుగవది యంత్రము వయస్సు. సర్వరుతో రహస్యముగా సంభాషించు పద్ధతిని టీఎల్ఎస్ అంటారు. 1999 నాటి 1.0, 2006 నాటి 1.1 పద్ధతులు 2021లో అధికారికముగా విరమింపబడినవి. కేవలం పేరు, పాస్‌వర్డు మాత్రమే పంపు మెయిల్ ప్రోగ్రాములను గూగుల్ 2022లో నిలిపివేయనారంభించినది. అట్టి ప్రోగ్రాములో సరియైన పాస్‌వర్డు నూరుసార్లు ఇచ్చినా ఫలితముండదు. ప్రోగ్రామును నవీకరించవలెను, లేదా రెండంచెల తనిఖీ పెట్టుకొని, 16 అక్షరముల ‘యాప్ పాస్‌వర్డు’ పొందవలెను. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో సాధారణముగా ముగిసినవి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. సవరణలు అందని యంత్రముపై తేలికపాటి లినక్సు వేసికొనుట ఒక మార్గము.

అసలు ప్రమాదము విసుగులో లేదు, అలవాటులో ఉన్నది. అడిగినదే తడవుగా పాస్‌వర్డు ఇచ్చుటకు అలవడినవారు మోసపు పేజీ అడిగినా అట్లే ఇస్తారు. అందుచేత ప్రశ్న వచ్చినప్పుడెల్ల పైనున్న చిరునామాను చదివి, పిమ్మటనే చేయి కదపవలెను.

క్రొత్త యంత్రములు కొనుట కమిటీవారికి ఏటేటా సాధ్యము కాకపోవచ్చును. కాని ప్రయోగశాలలోని ప్రతి యంత్రము తేదీని పరీక్షించి, నీరసించిన బ్యాటరీలను మార్పించుట స్వల్ప వ్యయముతో జరుగు పని. దరఖాస్తుల గడువు సమీపించకముందే ఆ పని పూర్తికావలెనని కోరుతున్నాము.