చేతి గడియారం చెప్పకనే చెప్పేది

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

మణికట్టుకు కట్టుకునే స్మార్ట్‌వాచీ, వేలికి తొడుక్కునే స్మార్ట్ ఉంగరం, ఛాతీకి బిగించుకునే గుండె లయ పట్టీ వంటివాటిని ధరించే పరికరాలని వ్యవహరిస్తున్నారు. వీటి భద్రత అనగానే ఎక్కడో కూర్చుని తాళం పగలగొట్టే దొంగ మనసులో మెదులుతాడు గాని, ఇంతవరకు లోకానికి తెలిసివచ్చిన ఉదంతాలలో బాగా గుర్తుండిపోయినవి తాళం పగిలినవి కావు, తలుపు బార్లా తెరిచి ఉంచినవి.

వాచీలో పుట్టిన సమాచారం వాచీలోనే ఉండిపోదు. నాడి లెక్క, నిద్ర వేళలు, నడిచిన దారి ముందు బ్లూటూత్ ద్వారా, అంటే తక్కువ దూరానికే పరిమితమైన రేడియో సంకేతాల ద్వారా, ఫోనుకు చేరి, అక్కడి యాప్ నుంచి తయారీ సంస్థ సర్వరుకు వెళ్లి, యజమాని ఏనాడో చదవకుండా నొక్కిన ఒక అనుమతి పుణ్యమా అని మరెందరికో అందుతుంది. చాలామంది బ్లూటూత్ దగ్గరే భయపడి ఆగిపోతారు, అసలు చూసుకోవలసింది ఆ తరువాతి మజిలీలను.

పరుగులు, సైకిలు సవారీలు నమోదు చేసే స్ట్రావా సంస్థ 2017 నవంబరులో తన సభ్యుల కదలికలన్నిటినీ కలిపి, ఎక్కువమంది తిరిగిన దారి ఎక్కువ వెలుగుతో కనబడేలా ఒక ప్రపంచ పటాన్ని విడుదల చేసింది. అందులో ఎవరి పేరూ లేదు. మహానగరాలలో అది వట్టి వెలుగుల ముద్ద; అఫ్గానిస్థాన్, సిరియాల చీకటి నేలల మీద మాత్రం అక్కడక్కడ సన్నని గీతలు మెరిశాయి. అవి సైనిక స్థావరాలలో జవాన్లు వ్యాయామానికి పరుగెత్తిన దారులని 2018 జనవరిలో నేథన్ రూసర్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి ఎత్తిచూపాడు. ఆ ఏడాది జులైలోనే పోలార్ అనే మరో సంస్థ వ్యాయామ పటం ఆధారంగా ఆరు వేలకు పైగా సైనిక, గూఢచార ఉద్యోగుల పేర్లను, వారిలో చాలామంది ఇళ్ల ఆచూకీని పాత్రికేయులు రాబట్టగలిగారు. ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ మోహరింపు ప్రాంతాలలో ఉనికిని చెప్పే పరికరాల వాడకాన్ని నిషేధించింది.

మేనకోడలు సైనికురాలు కాదు, నిజమే. అయినా రోజూ తెల్లవారుజామున ఇంటి గేటు దగ్గర వాచీ నొక్కి, తిరిగివచ్చి అదే గేటు దగ్గర ఆపే ఆడపిల్ల పరుగు గీత రెండు కొసలూ పటం మీద ఇంటినే చూపిస్తాయి, వేళతో సహా. ఇంటి చుట్టూ కొంత మేర గీతను దాచే సదుపాయం యాప్‌లలో ఉన్నది గాని, ఆ దాచిన వృత్తానికి ఇల్లే కేంద్రమైతే వేర్వేరు దిక్కులకు తీసిన పరుగులన్నీ ఆ వృత్తం అంచు మీదనే తెగిపోతాయి. మూడు బిందువులు దొరికితే కేంద్రం కనుక్కోవడం బడిపిల్లల రేఖాగణితమే కదా! కనుక వీధి మలుపు దాటాకే నమోదు మొదలుపెట్టి, నమోదైనదాన్ని తనకు తప్ప మరెవరికీ కనబడని విధంగా అమర్చుకోవడం మేలు.

తాళం నిజంగానే లేని వస్తువులూ ఉన్నాయి. ఎనాక్స్ అనే జర్మన్ సంస్థ అమ్మిన పిల్లల వాచీకి, సర్వరుకు మధ్య సమాచారం ఏ సంకేతలిపీ లేకుండా, పోస్టుకార్డు మీది రాతలా నడిచేది. పరాయివాడు ఆ వాచీ కట్టుకున్న పిల్ల ఎక్కడున్నదో చూడగలిగేవాడు, వాచీ చేత తనకు కావలసిన నంబరుకు ఫోను చేయించగలిగేవాడు. 2019లో ఐరోపా సంఘం దానిని వెనక్కి తీసుకోమని హెచ్చరిక జారీ చేసింది. చిన్నపిల్లకు చవకలో వస్తున్నదని అటువంటి వాచీ కొనబోయే ముందు, దానికి భద్రతా అప్‌డేట్లు, అంటే బయటపడిన లోపాలను పూడ్చే సాఫ్ట్‌వేర్ సవరణలు, ఎంతకాలం ఇస్తారో అడగడం అవసరం. సమాధానం చెప్పలేని దుకాణం నుంచి కొనకపోవడమే మంచిది.

బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడినవారి మణికట్టు సరిగ్గా పక్కవారి కళ్ల ఎదుట ఉంటుంది. బ్యాంకు పంపిన ఓటీపీ ఆ క్షణాన వాచీ తెర మీద వెలిగితే ఏ హ్యాకరూ అక్కర్లేదు. సందేశం వచ్చినట్టు మాత్రమే చూపి, లోపలి అంకెలను దాచే అమరిక చాలా వాచీలలో ఉన్నది. అలాగే చేతి నుంచి తీయగానే తాళం పడి, రహస్య అంకెలు అడిగే అమరికను కూడా పెట్టుకోవాలి.

కొత్త వాచీ వచ్చాక పాతది ఎవరికో ఇవ్వడం సహజం. ఇచ్చే ముందు ఫోనుతో జత విడదీసి, వాచీని తొలి స్థితికి చెరిపివేయాలి. అయితే సర్వరులో పేరుకున్న ఏళ్లనాటి నాడి, నిద్ర, దారుల లెక్కలు దానితో పోవు. యాప్‌ను ఫోను నుంచి తీసేసినా పోవు. ఖాతానే తొలగించమని సంస్థను విడిగా కోరాలి, ఆ పని యాప్ ఇంకా ఫోనులో ఉండగానే, ప్రవేశ సంకేతపదం గుర్తున్నప్పుడే చేయాలి.

ఆశీస్సులతో,
మేనమామ