ఆకు పసుపెక్కినప్పుడు వేరును చూడుడి



ఆకివీడులోని మా యింటి ముందుగదిలో కుండీయం దొక రబ్బరు మొక్క కలదు. సంఘములోని యొక వృద్ధురాలు కుమారుని యొద్దకు వెళ్లిపోవుచు, "అయ్యగారూ, దీన్ని బ్రతికించండి" అని మాకప్పగించెను. గత వర్షకాలమందు దాని క్రింది ఆకులు పసుపెక్కి రాలసాగెను. దాహమని తలంచి మరింత నీరు పోసితిమి. బలము చాలదని చిటికెడు యూరియా వేసితిమి. వారము తిరుగక మునుపే మరి నాలుగాకులు రాలెను.

పసుపు ఒక్కటే గాని దాని కారణములు పెక్కు. కావున మొదట ఏ యాకులు పసుపెక్కినవో చూడవలెను.

క్రింది ఆకులు మెత్తబడి పసుపెక్కి, మన్ను తడిగానే యున్నయెడల, వేరు కుళ్లుచున్నదని అనుమానింపవలెను. మన్ను ఎండి, ఆకులు పెళుసై రాలినయెడల అది దాహమే. ముదురాకులు సమముగా పాలిపోయి ఎదుగుదల నిలిచినయెడల నత్రజని కొరత. లేతాకులు పసుపై ఈనెలు మాత్రము పచ్చగా నున్నయెడల ఇనుము అందుటలేదు. సున్నము హెచ్చైన మన్నులో ఇనుమున్నను వేరు దానిని తీసికొనలేదు. ఆకుల అంచులు మాడినయెడల ఉప్పును అనుమానింపుడి. ఉప్పుటేరు చెంతనున్న మన ప్రాంతమున బోరు నీరు అనేక చోట్ల ఉప్పన గదా! వాననీరు పట్టి పోయుట మేలు.

తుదకు మా మొక్కను కుండీనుండి తీసి చూచితిమి. బంకమన్ను అడుగు రంధ్రమును మూసివేసియుండెను. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టెను. వేరునకు నీరెంత అవసరమో గాలియు నంతే అవసరము. నీరు నిలిచినచోట గాలికి తావులేదు. కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసివేసి, రెండు పాళ్లు మన్ను, ఒక పాలు ముతక ఇసుక, బాగుగా మాగిన పశువుల యెరువు కొద్దిగా కలిపి, రంధ్రముపై పెంకుముక్క నుంచి తిరిగి నాటితిమి. కుండీని కిటికీ వెలుతురునకు జరిపితిమి. ఇప్పుడు వ్రేలు రెండు కణుపులు గ్రుచ్చి, పొడిగా తోచిననే నీరు పోయుచున్నాము.

పసుపెక్కిన యాకు సాధారణముగా తిరిగి పచ్చబడదు. క్రొత్త చిగురే స్వస్థతకు గురుతు. కొన్ని వారములకు ఎఱ్ఱని పొరను విప్పుకొని ఒక చిగురు వచ్చెను. ఆ తల్లికి జాబు వ్రాసితిమి.

రబ్బరు మొక్క అంజూరపు జాతిదే. లూకా 13వ అధ్యాయములోని తోటమాలి అంజూరపు చెట్టునకు గడువడిగినప్పుడు, ముందు చుట్టు త్రవ్వుటను, పిమ్మట ఎరువును చెప్పెను. మేము ఎరువుతో మొదలిడి తప్పితిమి. మీ యింట కుండీ యున్నయెడల, నేడే దాని యడుగు రంధ్రమును చూడుడి.