బ్యాటరీకి ఏ నీళ్లు పోయాలి?

కలికిరి పక్కన ఒక పల్లె. టమాటా కోతలు నడుస్తున్నాయి. కాయలు కోసి క్రేట్లకు నింపారు. ట్రాక్టరు ట్రాలీలో పేర్చారు. తెల్లవారక ముందే బయలుదేరాలి. వాయల్పాడు మీదుగా మదనపల్లె మార్కెట్టుకు పోవాలి. ఆలస్యమైతే మంచి ధరకు పాట అయిపోతుంది.

తాళం తిప్పారు. "టక్" మంది. అంతే. ఇంజను తిరగలేదు. లైటు మిణుకు మిణుకుమంది.

ఇరుగు పొరుగు వచ్చి తోశారు. ఎట్లాగో ఇంజను అందుకుంది. అప్పటికే బాగా తెల్లారిపోయింది. ఆ రోజు క్రేటుకు వచ్చిన ధర కూలికి కూడా చాలలేదు.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. బ్యాటరీ మూతలు తీసి టార్చిలైటు వేసి చూశాడు.

"నీళ్లు ఎప్పుడు పోసినారమ్మా?" అని అడిగాడు.

"పోయిన నెల పోసినాం గదన్నా. నేనే చెంబుతో పోసినా" అంది ఆ ఇంటి కోడలు.

"ఏం నీళ్లు?"

"ఇంకేం నీళ్లు? మన బోరు నీళ్లే. మేము తాగేదీ అవే."

"మనిషికి సరిపోతాయి తల్లీ. బ్యాటరీకి పనికిరావు" అన్నాడు మెకానిక్.

ఎందుకు పనికిరావు? బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున చూడండి. తెల్లటి పొర కట్టి ఉంటుంది. అది నీళ్లలోని ఉప్పు, సున్నం. మన సీమలో బోర్లు లోతు. నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఆ ఉప్పులు, ఇనుము బ్యాటరీలోకి పోతే లోపలి పలకలు చెడిపోతాయి. బండి ఊరికే నిలబడి ఉన్నా ఛార్జి దిగిపోతుంది.

బ్యాటరీలో ఏముంది? ట్రాక్టరు బ్యాటరీలో 6 గదులు ఉంటాయి. ఒక్కో గది 2 వోల్టులు ఇస్తుంది. ఆరు రెళ్లు పన్నెండు. అందుకే దాన్ని 12 వోల్టుల బ్యాటరీ అంటారు. ప్రతి గదిలో సీసం పలకలు ఉంటాయి. వాటి చుట్టూ యాసిడ్ కలిపిన నీళ్లు ఉంటాయి. ఇట్లాంటి బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన కనిపెట్టాడు. ఇప్పుడు మనకు దగ్గరలోనే, తిరుపతి పక్కన కరకంబాడిలో, అమరరాజా ఫ్యాక్టరీలో బ్యాటరీలు తయారవుతున్నాయి.

ఛార్జి అయ్యేటప్పుడు లోపలి నీళ్లలో కొంత గాలిగా మారి పోతుంది. ఎండకు కూడా కొంత ఇగురుతుంది. కానీ యాసిడ్ ఎక్కడికీ పోదు. పులుసు మరిగి చిక్కబడితే ఏం చేస్తాం? నీళ్లు పోస్తాం. మళ్లీ ఉప్పు వేయం కదా! బ్యాటరీ కూడా అంతే. నీళ్లే పోయాలి. యాసిడ్ పోయకూడదు.

ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కావాలి. అంటే ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు. అన్నం గిన్నె మూత తీస్తే లోపల చుక్కలు కారతాయి. అవి ఆవిరి నుంచి వచ్చినవే. వాటిలో ఉప్పు ఉండదు. అట్లని మూత మీది చుక్కలు పట్టి పోయకండి! అంగట్లో "బ్యాటరీ వాటర్" అని అడగండి, ఇస్తారు. సీసా మీద పేరు చదివి తీసుకోండి. తాగే మినరల్ వాటర్ వేరు, ఇది వేరు.

పలకలు మునిగి, పైన ఒక సెంటీమీటరు నీళ్లు ఉంటే చాలు. మెడ దాకా నింపితే పొంగి యాసిడ్ బయటికి కారుతుంది.

మూత తీసే ముందు కొంచెం జాగ్రత్త. లోపలి నుంచి వచ్చే గాలి అంటుకునే గాలి. దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపం ఉండకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న ఇళ్లలో దాన్ని పొయ్యి పక్కన, దేవుడి దీపం పక్కన పెట్టకండి. గాలి ఆడే చోట పెట్టండి. స్పానరుతో పని చేసేటప్పుడు చేతికి ఇనుప, బంగారు గాజులు ఉండకూడదు. లోహం రెండు కొనలకూ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలి చేతిని కాలుస్తుంది. మట్టి గాజులతో ఆ భయం లేదు. మెడలో గొలుసు వేలాడకుండా రవికలోకి దోపుకోవాలి.

యాసిడ్ చీర మీద పడితే చిల్లులు పడతాయి. ఒంటి మీద పడితే వెంటనే నీళ్లు ధారగా పోయాలి. కంట్లో పడితే 15 నిమిషాలకు తగ్గకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కొనల మీద తెల్లగా, పచ్చగా బూజు లాగా కడుతుంది. అది ఉంటే కరెంటు సరిగా పారదు. ముందు మైనస్ తీగ ఊడదీయాలి. తరువాత ప్లస్ తీగ. మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడవాలి. ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించాలి. ఈ వరస తప్పితే స్పానరు బండికి తగిలి నిప్పులు రాలతాయి. పైన కొంచెం వాసలీన్ పూస్తే బూజు త్వరగా పట్టదు.

ట్రాక్టరును పది మంది తోస్తే కదులుతుంది. సముద్రంలో పడవను ఎవరు తోస్తారు? అందుకే కృష్ణపట్నం, కాకినాడ, విశాఖపట్నం వైపు మరబోట్లకు రెండు బ్యాటరీలు ఉంటే మంచిది. ఒకటి ఇంజను తిప్పడానికే. ఇంకొకటి లైట్లకు, వైర్‌లెస్‌కు. లైట్లు రాత్రంతా వెలిగి రెండోది దిగిపోయినా, మొదటిది ఇంటికి చేరుస్తుంది. బ్యాటరీలను గాలి ఆడే పెట్టెలో, అడుగున చేరే నీళ్లకు అందకుండా ఎత్తున కట్టాలి. ఉప్పునీళ్లు బ్యాటరీలోకి పోతే విషపు గాలి వస్తుంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. అన్ని రోజులు ఛార్జి లేకుండా వదిలేస్తే పలకల మీద గట్టి పొర కట్టి బ్యాటరీ పాడవుతుంది. ఒడ్డుకు తెచ్చి, మధ్య మధ్యలో ఛార్జి పెట్టాలి. పని లేని నెలల్లో మన ట్రాక్టరు బ్యాటరీకి కూడా ఇదే పద్ధతి.

చచ్చిపోయిన బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టకూడదు. సీసం కరిగిస్తే వచ్చే పొగ, దుమ్ము పిల్లల మెదడుకు చెరుపు. పాతది అంగట్లో ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు.

కొత్తది కొన్నప్పుడు వారంటీ కార్డు ఇస్తారు. దాని మీద కొన్న తేదీ, బ్యాటరీ నంబరు, అంగడి ముద్ర ఉన్నాయా? అంగట్లోనే నిలబడి చదవండి. కొన్ని కార్డుల మీద "24 + 24 నెలలు" అని ఉంటుంది. మొదటి 24 నెలల్లో చెడిపోతే ఊరికే మారుస్తారు. తరువాతి 24 నెలల్లో అయితే ధరలో కొంత మాత్రమే తగ్గిస్తారు. ఆ కార్డు వెనక, నీళ్లు పోసిన ప్రతిసారీ తేదీ రాసి పెట్టండి.