ప్రాణహిత ఒడ్డున బర్జిల్లయి
వృద్ధుల సంతోషము, దీర్ఘాయుష్షు: సంఘ అధ్యయన పాఠము

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 17:27–29, 19:31–39, ఆదికాండము 47:7–10, రూతు 1, 4 అధ్యాయములు



సిరొంచ, అహేరి, ఆలాపల్లి ప్రాంతములలో పెద్దవారిని విడిచి, పని కొరకు చంద్రపూర్, నాగపూర్, ముంబై, హైదరాబాదు వచ్చి స్థిరపడిన కుటుంబములు మనలో ఉన్నవి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడెల్లా ఆ ఇండ్లలో ఒకే మాట నడుచును. "బాపూ, ఒక్కడివే ఇక్కడెందుకు? మాతోటి రా" అని కొడుకు అనును. "వస్తే వస్త గని బిడ్డా, అక్కడ నన్ను మందలిచ్చేటోడు ఎవడున్నడు?" అని తండ్రి అడుగును. కొడుకు నొచ్చుకొనును. తండ్రి మౌనముగా ఉండును. బస్సు కదులును.

ఈ పాఠములో మనము రెండు ప్రశ్నలు విచారింతము. సంతోషముగా ఉన్న వృద్ధులు ఎక్కువ కాలము బ్రదుకుదురా? అట్లయితే, మన పెద్దల సంతోషము ఎక్కడ ఉన్నదో నిర్ణయించవలసినది ఎవరు?

1. పరిశోధకులు ఏమి చెప్పుచున్నారు?

సింగపూరులో 60 ఏండ్లు, అంతకు పైబడిన 4,478 మందిని 2009లో ప్రశ్నించి, 2015 చివరి వరకు వారిలో ఎవరు జీవించి యున్నారో చూచిరి. గడచిన వారములో సంతోషముగా ఉంటిరా, జీవితమును ఆనందించితిరా, రాబోవు దినములను గూర్చి నిరీక్షణ కలిగి యుంటిరా అని అడిగిరి. సంతోషముగా ఉన్నామన్నవారిలో మరణావకాశము 19 శాతము తక్కువగా కనబడినది. ఈ ఫలితములు 2018లో వెలువడినవి.

అమెరికాలో 180 మంది కేథలిక్ కన్యాస్త్రీలు యౌవనములో, సుమారు 22వ ఏట, తమ చేతితో వ్రాసిన జీవిత చరిత్రలను పరిశోధకులు చదివిరి. కృతజ్ఞత, ఆనందము, ప్రేమ వంటి భావములు ఎక్కువగా వ్రాసినవారు, తక్కువగా వ్రాసినవారికంటె ఎక్కువ ఏండ్లు జీవించిరని 2001లో ప్రకటించిరి. వీరందరికి భోజనము, నివాసము, పని ఇంచుమించు ఒకే రీతిగా ఉండెను గనుక ఒకరితో ఒకరిని పోల్చుట సులువాయెను.

అయితే ఇంతటితో ఆగిపోకూడదు. బ్రిటనులో 7 లక్షలకు పైగా స్త్రీలను సుమారు పదేండ్లు గమనించిన పెద్ద పరిశోధన 2015 డిసెంబరులో వెలువడినది. అది వేరొక మాట చెప్పినది. రోగము మనిషిని దుఃఖపరచును. ఆ రోగమే ఆయుష్షును తగ్గించును. ఆరోగ్యము, పొగ త్రాగుట మొదలైన వాటిని లెక్కలోనికి తీసికొన్న తరువాత, కేవలము సంతోషము లేనందున మరణము త్వరగా రాలేదు.

కాబట్టి పండితులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. ఒక విషయములో మాత్రము సాక్ష్యము బలముగా ఉన్నది. 2010లో 148 పరిశోధనలను, 3 లక్షలకు పైగా మనుష్యుల వివరములను కలిపి చూచినప్పుడు, ఇతరులతో గట్టి సంబంధములు గలవారు జీవించి యుండు అవకాశము సుమారు 50 శాతము ఎక్కువగా కనబడినది. సిరొంచలోని తండ్రి అడిగినది కూడ ఇదే కదా! మందలించువాడు ఉన్నాడా?

2. దీర్ఘాయుష్షు సంతోషమునకు కొలత కాదు

యాకోబు ఫరో ఎదుట నిలిచినప్పుడు అతని వయస్సు 130 ఏండ్లు. అయినను తన దినములు కొద్దివని, అవి కష్టముతో నిండినవని అతడు ఒప్పుకొనెను. యోసేపును మరల చూచిన తరువాత కూడ ఆ మాట అనుటకు వెనుకాడలేదు. దేవుడు అతనిని గద్దింపలేదు. అతడు ఫరోను దీవించి బయటకు వచ్చెను.

నయోమి కూడ అంతే. కరవు వలన వేరొక దేశమునకు వలస వెళ్లి, భర్తను ఇద్దరు కుమారులను అక్కడ పాతిపెట్టి తిరిగి వచ్చిన స్త్రీ ఆమె. తన పేరు మార్చి పిలువుడని, తనకు చేదు కలిగెనని ఊరివారితో చెప్పెను. బేత్లెహేము స్త్రీలు ఆమెకు ఉపదేశము చేసినట్లు గ్రంథములో లేదు. దినములు గడచిన పిమ్మట ఆమె ఒడిలో ఒక బిడ్డ ఉండెను. చుట్టు నిలిచి ఆనందించినది ఆ స్త్రీలే.

దీనివలన మనకు ఒక హెచ్చరిక కలదు. పడకలో ఉన్న పెద్దమ్మ దగ్గరకు వెళ్లి, "సంతోషముగా ఉండు, నీకు విశ్వాసము తక్కువైనది" అనకూడదు. ఆమె దుఃఖము పాపము కాదు. నెలల తరబడి నిద్ర, ఆకలి లేక, ఎవరితోను మాటలాడక ఉన్నయెడల అది రోగమై యుండవచ్చును. దానికి వైద్యము కలదు. ప్రార్థించుదము, డాక్టరు యొద్దకు కూడ తీసికొని పోవుదము.

3. బర్జిల్లయి: ఎనుబదియేండ్ల మనిషి

అబ్షాలోము తిరుగుబాటు వలన దావీదు యొర్దాను దాటి మహనయీమునకు పారిపోయినప్పుడు, అలసిన ఆ జనమునకు పరుపులు, పాత్రలు, గోధుమలు, పప్పులు, తేనె, వెన్న తెచ్చినవారిలో బర్జిల్లయి ఒకడు. అప్పటికే అతడు ముసలివాడు. అయినను ఇచ్చువాడుగా ఉండెను.

యుద్ధము ముగిసినది. రాజు తిరిగి వెళ్లుచుండగా బర్జిల్లయి అతనిని సాగనంపుటకు నది వరకు వచ్చెను. తనతో యెరూషలేమునకు రమ్మని, అక్కడ పోషించెదనని రాజు పిలిచెను. అది మంచి పిలుపే. అయితే బర్జిల్లయి తన వయస్సు చెప్పెను. భోజనపు రుచి తెలియదనెను, పాటగాండ్ర స్వరము వినబడదనెను. రాజునకు భారముగా ఉండుట ఎందుకనెను. తన తలిదండ్రుల సమాధి యున్న ఊరిలోనే చనిపోవ గోరెను. తనకు బదులుగా కింహామును పంపెను. రాజు అతనిని ముద్దుపెట్టుకొని దీవించి పంపివేసెను. అతనిని బలవంతపెట్టలేదు, చిన్నబుచ్చుకొనలేదు.

మనలో అనేకులము కింహాములము. ముసలివారు నది వరకు వచ్చి మనలను సాగనంపిరి.

4. సిరొంచలో ఈ మాటకు అర్థమేమి?

ఈనాడు సిరొంచలో ఎనుబదియేండ్లున్న తాతను తలంచుడి. అతడు పుట్టినప్పుడు ఆ ఊరు చాందా జిల్లాలో, మధ్య పరగణాలలో ఉండెను. 1950లో అది మధ్యప్రదేశ్ ఆయెను, 1956లో బొంబాయి రాష్ట్రము, 1960 మే 1న మహారాష్ట్ర. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడెను. నదికి ఆవలి ఒడ్డున అతని వియ్యంకులు హైదరాబాదు రాష్ట్రము నుండి ఆంధ్రప్రదేశ్‌లోనికి, 2014లో తెలంగాణలోనికి వచ్చిరి. తాత గుమ్మము దాటలేదు గాని ప్రభుత్వములు అతనిని దాటిపోయినవి. కార్యాలయపు కాగితము మరాఠీలో, ఇంటి మాట, ప్రార్థన తెలుగులో. ఇన్ని మార్పులలోను మారనివి ఇరుగుపొరుగు, నది, చేను, సమాధుల తోట.

2022 జూలై వరదలలో సిరొంచ తాలూకాలోని అనేక గ్రామములు నీటి పాలైనప్పుడు, "ఇక చాలు, వచ్చేయండి" అని పిల్లలు పిలుచుట న్యాయమే. ప్రేమతోనే పిలిచెదరు. అయితే మూడవ అంతస్తులో తలుపు మూసిన గది, పగలంతయు టి.వి., సాయంత్రము అలసి వచ్చు కొడుకు, ఇవి ఆ తాతకు క్షేమము కావచ్చును గాని సంతోషము కాకపోవచ్చును. మరియొక తాతకు మనుమల దగ్గర ఉండుటయే సంతోషము. కాబట్టి మొదట అడుగవలెను, జవాబు చివరి వరకు వినవలెను.

ఒక్కొక్క ఇంటిలో తండ్రికి వైద్యము అత్యవసరమై తీసికొని రాక తప్పదు. అప్పుడు కూడ అతని మాటను త్రోసివేయక, ఎన్ని దినములకో, తిరిగి ఎప్పుడు పంపుదుమో స్పష్టముగా చెప్పవలెను.

5. మనము చేయదగిన పనులు

మొదటిది, కన్ను, చెవి, పన్ను. బర్జిల్లయి పోగొట్టుకొన్న రుచిని, వినికిడిని తిరిగి ఇచ్చు మార్గము ఆ దినములలో లేదు. మనకు కొంతవరకు కలదు. శుక్లమునకు ఆపరేషను, చెవికి యంత్రము, కట్టుడు పండ్లు, బి.పి., షుగరు పరీక్షలు. పాట వినబడని వృద్ధుడు ఆరాధనకు రావడము మానివేయును. మనము దానిని ఆసక్తి లేమి అనుకొందుము.

రెండవది, ప్రయాణము. మహారాష్ట్ర ఎస్.టి. బస్సులలో 75 ఏండ్లు నిండినవారికి 2022 ఆగస్టు నుండి ఉచిత ప్రయాణము కలదు. 65 నుండి 75 వరకు సగము చార్జి. మనము వెళ్లలేనప్పుడు వారే వచ్చి పోవచ్చును.

మూడవది, పింఛను. శ్రావణబాళ పింఛను మహారాష్ట్ర నివాసులకే. తల్లిదండ్రులను నది ఆవలకు తీసికొని పోకముందు దానిని గూర్చి తహసీలు కార్యాలయములో విచారించుకొనుడి. చేతిలో సొంత రూపాయి ఉన్న అవ్వ మనుమరాలికి బెల్లము కొనిపెట్టగలదు. ఇచ్చుటలోని సంతోషమును ఆమెయొద్ద నుండి తీసివేయకుడి.

నాలుగవది, ఫోను నంబరులు. వృద్ధుల సహాయమునకు 14567. మనోవేదనలో ఉన్నవారికి టెలి మానస్ 14416, దీనిలో తెలుగులో మాటలాడవచ్చును. పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించుడి.

ఐదవది, పిలుపు. వారములో ఒక దినము, ఒకే గంటకు ఫోను చేయుడి. "తిన్నవా, మందులేసుకున్నవా" అని మాత్రమే అడిగి పెట్టివేయకుడి. ఆలోచన అడుగుడి, ప్రార్థించమని అడుగుడి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద జూయెట్ దొరగారి దంపతులతో కలిసి ప్రార్థించినవారిలో జూలియా, రూతు అను స్త్రీలు ఉండిరి. 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ప్రార్థించు పని వయస్సుతో ముగియదు. మన పెద్దలను ఆ పనిలో నుండి విరమింపజేయకూడదు.

6. ముగింపు

సంతోషము ఆయుష్షును పెంచునా? పెంచవచ్చును. అయితే మన తల్లిదండ్రులు ఇంకను పదేండ్లు బ్రదుకవలెనని మాత్రమే వారిని సంతోషపెట్టినయెడల అది మందు బిళ్ల ఇచ్చినట్లగును. వారు దేవుని యెదుట ఘనత గలవారు గనుక సంతోషపెట్టవలెను. ఒక్క ఏడు మిగిలినను, అది మందలించువారు ఉన్న ఏడుగా ఉండనిండు. దావీదు తన మరణపడకమీద కూడ బర్జిల్లయి ఇంటివారిని మరువలేదు. వారిని తన బల్లయొద్ద ఉంచుమని సొలొమోనుకు ఆజ్ఞాపించెను (1 రాజులు 2:7). మనలను నది దాటించినవారిని మనమును మరువకుందుము గాక.

చర్చించుటకు ప్రశ్నలు

1. బర్జిల్లయి రాజు పిలుపును ఎందుకు నిరాకరించెను? రాజు ఎట్లు నడుచుకొనెను?
2. యాకోబు, నయోమి తమ దుఃఖమును దాచలేదు. మన సంఘములో వృద్ధులు అట్లు మాటలాడుటకు చోటు కలదా?
3. మీ తల్లిదండ్రులను వారి కోరికను గూర్చి చివరిసారి ఎప్పుడు అడిగితిరి? వారి జవాబు ఏమి?
4. మన ఆరాధనలో వినబడక, కనబడక వెనుక కూర్చున్నవారు ఎవరు? ఈ నెలలో వారికి ఏమి చేయగలము?

ప్రార్థనాంశములు: సరిహద్దు గ్రామములలో ఒంటరిగా ఉన్న పెద్దల కొరకు, పట్టణములలో పిల్లలయొద్ద ఉండి మాట తోడు లేనివారి కొరకు, వారిని కనిపెట్టుకొని యున్న కోడండ్లు, కుమార్తెల కొరకు, వరదల వలన చేలు పోగొట్టుకొన్నవారి కొరకు.